అబ్బాయి ఫ్రాటర్నిటీ హోమ్‌కమింగ్‌కి రమ్మంటున్నాడు. అసలేమిటిది, మేం వెళ్లొచ్చా?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. అబ్బాయి స్టిల్‌వాటర్‌లో, ఓక్లహోమా స్టేట్‌లో రెండో ఏడు. పోయినేడు మీకు చెప్పకుండా ఫ్రాటర్నిటీలో, అంటే కాలేజీ కుర్రాళ్లు సాధారణంగా ఒకే ఇంట్లో కలిసి ఉండే సంఘంలో, చేరాడు. సెప్టెంబరు నుంచి ఎప్పుడు ఫోన్ చేసినా "పాంపింగ్‌లో ఉన్నా నాన్నా, రేపు చేస్తా" అంటున్నాడు. ఇప్పుడేమో హోమ్‌కమింగ్‌కి, అంటే పాత విద్యార్థులు ఫుట్‌బాల్ ఆట పేరుతో కాలేజీకి తిరిగొచ్చే వారాంతానికి, మీ ఇద్దర్నీ డాలస్ నుంచి రమ్మంటున్నాడు, డబ్బూ అడిగాడు. ఇది మన పూర్వ విద్యార్థుల సమ్మేళనం లాంటిదా, తాగుడు పార్టీయా, మేం వెళ్తే వాడికి నామోషీయా అన్నది మీ అనుమానం.

వెళ్లండి. ఏ రోజు వెళ్లాలి, ఎంతసేపుండాలి అన్నదాంట్లోనే ఉంది కిటుకంతా. నేను తొంభైల చివర్లో ఎమ్మెస్‌కి వచ్చి ఈ ఊళ్లోనే ఉండిపోయినవాణ్ణి. మా అమ్మాయి నాలుగేళ్లు ఒక సొరోరిటీలో, అంటే అలాంటిదే అమ్మాయిల సంఘంలో, ఉంది. అంచేత బయటివాడిగానూ, ఇంట్లోవాడిగానూ రెండు రకాలుగా చూశాను దీన్ని.

ముందు ఆ పాంపింగ్ సంగతి చెప్పాలి, ఎందుకంటే మీవాడు అబద్ధమాడుతున్నాడని మీకు లోపల అనుమానం ఉన్నట్టుంది. ఆడట్లేదు. హోమ్‌కమింగ్ అలంకారానికి ఇనుప పైపులు వెల్డ్ చేసి ఫ్రాటర్నిటీ ఇంటి ముందు గోడంత ఫ్రేము నిలబెడతారు. దానికి చికెన్ వైర్ బిగిస్తారు, అంటే కోళ్ల దొడ్డికి కట్టే ఆరు పలకల కన్నాల వల. ఆ ఒక్కో కన్నంలో అరచేతి పాటి టిష్యూ కాగితం ముక్క ఒకటి దోపాలి. ముక్క నడిమధ్య వేలితో నొక్కి, మెలిపెట్టి, కన్నంలోకి తోసి, అంచులు పువ్వులాగా విప్పుకునేట్టు వదిలేయాలి. ఆ ముక్కని పాంప్ అంటారు, ఆ పనే పాంపింగ్. ఒక ఫ్రాటర్నిటీ, ఒక సొరోరిటీ జతకట్టి వారాల తరబడి రాత్రిళ్లు కూర్చుని దోపుతారు. వెనక ఇంజనీరింగ్ కుర్రాళ్లు మోటార్లు పెట్టి గుర్రం తల ఊగేట్టు, పిస్టల్ పీట్ చెయ్యి లేచేట్టు చేస్తారు. (పిస్టల్ పీట్ అంటే ఈ యూనివర్సిటీ గుర్తు. ఫ్రాంక్ ఈటన్ అనే నిజం కౌబాయ్ 1923లో ఇక్కడ ఒక పరేడ్‌లో గుర్రం మీద వెళ్తుంటే పిల్లలు చూసి ముచ్చటపడి ఆయన్నే బొమ్మగా పెట్టుకున్నారు.)

మా అమ్మాయి మొదటేడు అక్టోబరులో ఒక ఆదివారం ఇంటికొచ్చి అన్నం కలుపుకుంటుంటే చూశాను. గోళ్ల సందుల్లో నారింజ రంగు, వేళ్ల చివర్లంతా వైరు గీరిన చారలు. పచ్చడి అంటుకోగానే చుర్రుమని చెయ్యి విదిలించుకుంది. వాళ్లమ్మ స్పూను తెచ్చిచ్చి, "బతుకమ్మ పేర్చినా ఇంత కష్టం ఉండదు కదనే" అంది. మా ఆవిడది వరంగల్.

మాది నరసరావుపేట పక్క. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లలో ఊరూరూ ప్రభలు కట్టుకొచ్చి నిలబెట్టడం చూస్తూ పెరిగినవాణ్ణి. అందుకని యూనివర్సిటీ అవెన్యూలో ఆ బొమ్మలు మొదటిసారి చూసినప్పుడు నాకెవరూ ఏమీ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. పక్కూరి ప్రభ ఎన్ని అడుగులో కనుక్కురమ్మని కుర్రాళ్లని పంపడం, మనది ఒక మూరైనా ఎక్కువ ఉండాలనడం, నిలబెట్టేప్పుడు ఊరంతా మోకులు పట్టడం, అన్నీ ఇక్కడా ఉన్నాయి. కొండ దగ్గర శివుడున్నాడు, ఇక్కడ ఫుట్‌బాల్ ఉంది, అంతే తేడా.

ఒకేడు గురువారం రాత్రి వాన పట్టుకుంది. టిష్యూ కాగితం తడిస్తే రంగు కారుతుంది. తెల్ల గుర్రం కాస్తా తెల్లారేసరికి కాషాయం గుర్రమవుతుంది. అమ్మాయి ఫోన్ చేస్తే ఇంట్లో ఉన్న టార్పాలిన్లు వేసుకుని నేనూ వెళ్లాను. అక్కడ మోకాళ్లదాకా బురదలో, టోపీ మీంచి నీళ్లు కారుతుంటే, ఒక పెద్దాయన తాడు పట్టుకుని నిలబడి ఉన్నాడు. డెబ్బై దాటి ఉంటాయి. ఎవరి తాతగారో అనుకున్నాను. కాదు. ఆ జతలో ఉన్న ఫ్రాటర్నిటీలో అరవైల్లో ఉన్నవాడట. టెక్సస్ నుంచి ఆ సాయంత్రమే దిగి, హోటల్‌కి కూడా పోకుండా నేరుగా ఇటొచ్చాడు. పక్కన తాడు పట్టిన పంతొమ్మిదేళ్ల కుర్రాడు ఆయన్ని సార్ అనట్లేదు, పేరు పెట్టి పిలుస్తున్నాడు. ఆయన ఆ కుర్రాణ్ణి "నీ గది ఏది?" అని అడిగాడు. మేడ మీద ఉత్తరం పక్కది అనగానే ఆయన మొహం వెలిగిపోయింది. "కిటికీ ఇంకా పూర్తిగా మూసుకోదా?" అన్నాడు. మూసుకోదట.

హోమ్‌కమింగ్ అంటే ఏమిటో నాకు ఆ కిటికీ దగ్గర అర్థమైంది. మన సమ్మేళనాలు బ్యాచ్ లెక్క. 1995 టెన్త్ బ్యాచ్ అని ఫ్లెక్సీ కొట్టిస్తాం, వాట్సాప్ గ్రూపు పెడతాం, మాస్టార్లకి శాలువాలు కప్పుతాం, ఆ ఏడు చదివినవాళ్లం ఒకచోట కూర్చుని భోంచేస్తాం. మనకన్నా ఇరవయ్యేళ్ల ముందు చదివినవాడు ఎదురుపడితే నమస్కారం పెట్టి పక్కకి తప్పుకుంటాం. వీళ్లది ఇల్లు లెక్క. ఏ ఏడన్నది తర్వాత, ఏ ఇల్లన్నది ముందు. ఎన్నడూ కలిసి చదవని ఇద్దరు, ఒకే ఇంట్లో ఉన్నారన్న ఒక్క ముక్కతో అన్నదమ్ములైపోతారు. మనకి ఇంటిపేరు ఎలాంటిదో వాళ్లకి సంఘం పేరులో ఉండే ఆ రెండు మూడు గ్రీకు అక్షరాలు అలాంటివి. లోపలికెళ్తే గోడల నిండా కాంపోజిట్లుంటాయి, ఏడాదికొకటి చొప్పున, అందరి ఫొటోలూ చిన్నచిన్న గడుల్లో అచ్చేసి ఫ్రేము కట్టినవి. వచ్చిన ప్రతి ముసలాయనా ముందు చేసే పని తన ఫొటో వెతుక్కోవడం. పక్కన భార్యని నిలబెట్టి, జుట్టున్న రోజులు చూపించి, ఆ వరసలో పోయినవాళ్ల మీద వేలు పెట్టి పేరు పేరునా చెప్పడం.

చరిత్ర క్లుప్తంగా చెప్తాను. ఫ్రాటర్నిటీలు పాతవి. విలియం అండ్ మేరీ కాలేజీలో ఫై బీటా కప్పా పుట్టింది 1776లో. ఇప్పుడు మనం చూసే తరహావి న్యూయార్క్ రాష్ట్రంలోని యూనియన్ కాలేజీలో 1825 నుంచి మొదలయ్యాయి. హోమ్‌కమింగ్ మాత్రం ఇరవయ్యో శతాబ్దపు సరుకు, దానికి తండ్రినంటే తండ్రినని ముగ్గురు కొట్టుకుంటారు. బేలర్ వాళ్లు 1909 అంటారు, ఇల్లినాయ్ వాళ్లు 1910 అంటారు, మిస్సోరి వాళ్లు 1911 అంటారు. ఎక్కువమంది నోట నానింది మిస్సోరి కథ. అప్పటిదాకా కాన్సస్‌తో ఆట రెండు కాలేజీలకీ కాకుండా మధ్యన కాన్సస్ సిటీలో జరిగేది. ఇక మీదట క్యాంపస్‌లోనే ఆడాలని రూలొచ్చేసరికి, కొలంబియా లాంటి చిన్న ఊరికి జనం ఎక్కణ్ణించి వస్తారని అక్కడి క్రీడల డైరెక్టర్ చెస్టర్ బ్రూవర్‌కి బెంగ పట్టుకుంది. పాత విద్యార్థులందరికీ "ఇంటికి రండి" అని పిలుపు పంపాడు. వేలల్లో వచ్చారు. అంతమంది వచ్చి చూసిన ఆట 3-3తో ఎవరూ గెలవకుండా ముగిసింది! మన స్టిల్‌వాటర్‌లో 1913 నాటి కోతల పండగ ఊరేగింపుని దీనికి మొదలుగా చెప్పుకుంటారు. అప్పటికిది ఇంకా ఓక్లహోమా ఏ అండ్ ఎం కాలేజీ.

ఇప్పుడు చాలామంది మనవాళ్లకి తెలియని ముక్క. మీవాడు ఉంటున్న ఆ ఇల్లు సాధారణంగా యూనివర్సిటీది కాదు, అందులో ఉంటున్న కుర్రాళ్లదీ కాదు. హౌస్ కార్పొరేషన్ అని ఒకటుంటుంది. పాత సభ్యులే దాని డైరెక్టర్లు. ఇల్లు, స్థలం, బ్యాంకు అప్పు, ఇన్సూరెన్స్ వాళ్ల పేరు మీద ఉంటాయి. కుర్రాళ్లు అద్దెకున్నట్టు లెక్క. అందరూ ఊళ్లో ఉండే వారాంతం ఏడాదికి ఇదొక్కటే గనక కార్పొరేషన్ మీటింగు చాలా ఇళ్లలో హోమ్‌కమింగ్ శనివారం పొద్దున్నే పెట్టుకుంటారు. బయట బ్యాండు మోగుతుంటుంది, లోపల భోజనాల గదిలో పెద్దవాళ్లు కళ్లజోళ్లు పెట్టుకుని పైకప్పు కారుతోందా, స్ప్రింక్లర్లు మార్చాలా, గదుల్లో ఎన్ని మంచాలు ఖాళీ, ఎవరు బాకీ అని పద్దులు చూస్తుంటారు. కుర్రాళ్లు ముందురోజు రాత్రంతా ఇల్లు కడిగి ఎందుకు తుడుస్తారనుకున్నారు? ఇంటివాళ్లు వస్తున్నారని!

కాబట్టి ఆ రెండు రోజులూ పెద్దవాళ్లు పర్సు తీసేదీ అక్కడే. వచ్చేప్పుడు మీ చేతిలోనూ ఒక కవరు పెడతారు. ఒక సంగతి గుర్తుంచుకోండి: ఫ్రాటర్నిటీ, దాని హౌస్ కార్పొరేషన్ మామూలుగా అమెరికా పన్ను చట్టంలో 501(సి)(7) కింద, అంటే క్లబ్బుల పద్దులో ఉంటాయి. వాటికిచ్చిన డబ్బు టాక్సులో తగ్గదు. చదువులకి స్కాలర్‌షిప్పులిచ్చే ఫౌండేషన్ వేరే ఉంటుంది, అది 501(సి)(3). దానికిస్తే తగ్గుతుంది. చెక్కు ఎవరి పేరున రాయమంటున్నారో చూసుకుని రాయండి. రాయకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు, మీరు సభ్యులు కారు కదా.

ఇంటి మీద ఇంత చెప్పాను గానీ ఇల్లు లేనివాళ్ల హోమ్‌కమింగ్ ఇంకో ఎత్తు. మాకు అరగంట పైచిలుకు దూరంలో లాంగ్‌స్టన్ యూనివర్సిటీ ఉంది, 1897లో నల్లజాతివాళ్ల కోసం పెట్టింది. ఇప్పుడున్న నల్ల విద్యార్థుల ఫ్రాటర్నిటీలు 1906లో కార్నెల్‌లో ఆల్ఫా ఫై ఆల్ఫాతో మొదలయ్యాయి. ఇప్పుడు ఫ్రాటర్నిటీలు, సొరోరిటీలు కలిపి తొమ్మిది, డివైన్ నైన్ అంటారు. వాటిలో చాలా చాప్టర్లకి, అంటే కాలేజీ శాఖలకి, మేడలూ మిద్దెలూ లేవు. క్యాంపస్‌లో ఒక చెట్టో, రంగేసిన బెంచీయో వాళ్ల చోటు. నలభై ఏళ్ల తర్వాత వచ్చిన పెద్దావిడ ఆ బెంచీ దగ్గర నిలబడి, పిల్లలు స్టెప్పింగ్ (చప్పట్లు చరుస్తూ, కాళ్లు తాటిస్తూ చేసే నాట్యం) మొదలెట్టగానే చేతికర్ర పక్కన పెట్టి కాలు కలపడం నేను కళ్లారా చూశాను. కాలేజీ అయిపోయినా వాళ్లకి సభ్యత్వం అయిపోదు. ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకి ఊరూరా వేరే చాప్టర్లుంటాయి, చివరిదాకా అందులోనే. మన పిల్లలు పెట్టుకున్నవీ ఉన్నాయి. బింగ్‌హామ్టన్‌లో 1994లో అయోటా న్యూ డెల్టా, ఆస్టిన్‌లో 1998లో డెల్టా ఎప్సిలాన్ సై. దక్షిణాసియా కుర్రాళ్లవి. వాటికీ ఎక్కువగా ఇళ్లుండవు, ఆటకన్నా డాన్స్ పోటీల చుట్టూ, పాతవాళ్ల పెళ్లిళ్ల చుట్టూ ఎక్కువ కలుస్తారు.

తాగుడు గురించి అడిగారు. ఉంటుంది. శనివారం ఆటకి ముందు టెయిల్‌గేట్, అంటే కార్ల వెనక గుడారాలేసి మాంసం కాల్చుకుంటూ కూర్చోవడం, అక్కడ ఐస్‌పెట్టెలు తెరుచుకునే ఉంటాయి. 1984 నాటి చట్టం దెబ్బకి దేశమంతా తాగే వయసు 21. మీవాడికి ఇంకా నిండలేదు. ఇచ్చేది ఎక్కువసార్లు కుర్రాళ్లు కాదు, పాత రోజుల్ని తలుచుకుని ఉషారుగా ఉన్న పెద్దవాళ్లు. మీరుండగా ఎవరైనా వాడి చేతిలో డబ్బా పెడితే "వీడికి ఇంకా టైముంది" అని నవ్వుతూ తీసి పక్కన పెట్టండి, గొడవేం ఉండదు. వాడు గనక ఇంకా హెచ్4 (మీ వీసా మీద ఆధారపడ్డ వీసా) లోనో ఎఫ్1 (విద్యార్థి వీసా) లోనో ఉంటే తాగి బండి నడపడం గురించి మాత్రం ముందే గట్టిగా చెప్పండి. ఆ కేసు ఒక్కటి పడితే వీసా రద్దు చేసే అధికారం ఇక్కడి ప్రభుత్వానికుంది. కారు తాళం ఆ రెండు రోజులు మీ దగ్గర పెట్టుకోవడం నయం.

నిజంగా కంగారు పడాల్సినది వేరే ఉంది. కొత్తగా చేరినవాళ్ల చేత రాత్రంతా పని చేయించడం. పాంపింగ్‌కి ఒక్కొక్కరికీ వారానికిన్ని గంటలని లెక్కుంటుంది, అది అందరికీ ఉంటే పర్వాలేదు. కొత్తవాళ్లకి మాత్రమే తెల్లవార్లూ ఉండి, పాతవాళ్లు పడుకుంటుంటే అది హేజింగ్, అంటే మన ర్యాగింగ్ లాంటిదాని కిందికొస్తుంది. 2024 డిసెంబరులో కేంద్రంలో చట్టమొచ్చింది, ఏ సంఘం హేజింగ్ చేసి దొరికిందో కాలేజీలు తమ వెబ్‌సైట్లో పెట్టాలి. మీవాడి చాప్టర్ పేరు అందులో ఉందేమో చూడండి, ఐదు నిమిషాల పని. ఉంటే వాణ్ణి తిట్టకుండా "ఇదేమిట్రా" అని అడగండి. మా అమ్మాయిని నేను మొదటేడు పోలీసులా అడిగాను. రెండేళ్లు ఏమీ చెప్పలేదు. వాన రాత్రి తాడు పట్టుకున్నాక గానీ నోరు విప్పలేదు.

చదువు పాడవుతుందా అంటే, అక్టోబరు మిడ్‌టర్మ్‌లో కాస్త తగ్గుతుంది, దాచడం ఎందుకు. చాప్టర్లకీ కనీసం ఇంత జీపీఏ అని పట్టింపు ఉంటుంది గనక మరీ జారనివ్వరు. డబ్బు అడిగాడన్నారు, చాప్టర్ బిల్లు తెప్పించుకోండి. హోమ్‌కమింగ్‌కి విడిగా ఒక వరస ఉంటుంది. అందులో లేనిదానికి ఇస్తుంటే దేనికో అడగండి.

ఇక రావడం సంగతి. తల్లిదండ్రుల కోసం వేరే వారాంతాలుంటాయి. హోమ్‌కమింగ్ ఇంటి పాతవాళ్లది, మీరు అతిథులు. అందుకని శుక్రవారం రండి. ఆ సాయంత్రం వాకరౌండ్. వీధులు మూసేస్తారు, పదుల వేల జనం ఇల్లిల్లూ తిరుగుతూ ఆ బొమ్మలు చూస్తారు. డాలస్ నుంచి ఐ-35 మీద నాలుగు గంటలు, అయినా మధ్యాహ్నం మూడుకల్లా ఊళ్లో ఉండండి, తర్వాత బండి పెట్టే చోటు దొరకదు. స్టిల్‌వాటర్ హోటళ్లు ఎప్పుడో అయిపోయి ఉంటాయి. గత్రీలోనో, లేకపోతే ఓక్లహోమా సిటీ, టల్సాల్లోనో చూడండి, రెండూ గంట పైన. లైబ్రరీ ముందు ఫౌంటెన్‌లో నీళ్లకి కూడా నారింజ రంగు కలుపుతారు, పగలుండగానే చూసుకోండి.

నారింజ రంగు ఏదో ఒకటి వేసుకోండి. ఎరుపు మాత్రం వద్దు. అది నార్మన్‌లో ఉన్న ఓక్లహోమా యూనివర్సిటీ రంగు, ఆటలో వీళ్లకి బద్ధ విరోధి. మొదటేడు మా ఆవిడ మిరపపండు రంగు స్వెట్టరు వేసుకొచ్చింది. ఎవరూ ఒక్క మాట అనలేదు గానీ, ముగ్గురు వేర్వేరు మనుషులు వచ్చి "చలిగా ఉందా అమ్మా, ఇదిగో జాకెట్" అని నారింజ జాకెట్లు ఇవ్వబోయారు.

తిండికి కార్న్‌డాగ్‌లు, టర్కీ కాళ్లు. శాకాహారులైతే ఇబ్బంది. ఒక పెద్ద ట్రేలో పులిహోర చేసుకు రండి, పల్లీలు దండిగా వేసి, మిరపకాయలు తగ్గించి. నేను పట్టుకెళ్లిన ట్రే పావుగంటలో ఖాళీ అయింది. ఆ వెల్డింగు చేసిన కుర్రాడు గిన్నె అడుగున మాడు కూడా గీకి తిన్నాడు. పదేళ్లయింది, ఇప్పటికీ మా అమ్మాయిని ఎక్కడ కలిసినా "ఆ పసుప్పచ్చ అన్నం" అని అడుగుతాడట.

పాతవాళ్లు పరిచయమైనప్పుడు వాణ్ణి మాట్లాడనివ్వండి. ఎవరు ఏ కంపెనీలో వైస్ ప్రెసిడెంటో తెలియగానే "మావాడికి ఇంటర్న్‌షిప్..." అని మొదలెట్టకండి. నేను మొదలెట్టాను, మా అమ్మాయి నా కాలు తొక్కింది. వాళ్లకది తెలుసు, అందుకే వస్తారు, కానీ ఆ మాట కుర్రాడి నోట రావాలి, అదీ మర్నాడు ఫోన్లో. మీరు ఆయన్ని ఏ గదిలో ఉండేవారో అడగండి చాలు. మిగతాది ఆయనే అరగంట చెప్తాడు.

శనివారం పొద్దున మెయిన్ స్ట్రీట్‌లో పరేడ్. 2015లో ఒక కారు జనంలోకి దూసుకొచ్చి నలుగురు పోయారు ఈ పరేడ్‌లోనే. పిల్లలుంటే కూడలి దగ్గర కాకుండా వీధి మధ్యలో, లోపలి పక్క నిలబడండి. మీటింగు టైములో ఇంట్లోకి వెళ్లకండి, మిమ్మల్ని లేవమనలేక వాళ్లు, ఎందుకు చూస్తున్నారో తెలియక మీరు ఇబ్బంది పడతారు. ఆట టికెట్టు ఉంటే సరే, లేకపోతే టీవీలో చూడొచ్చు.

ఆదివారం పొద్దున్న మాత్రం తొందరపడి వెళ్లిపోకండి. ఆ బొమ్మలన్నీ పీకేస్తారు. ఆరువారాల పని రెండు మూడు గంటల్లో చెత్త డబ్బాల్లోకి పోతుంది, పైపులు మాత్రం వచ్చే ఏటికి దాస్తారు. ముందురోజు ఉషారుతో సగంమంది లేవరు, చేతులు తక్కువవుతాయి. మీరు అక్కడ కనిపిస్తే మొహమాటపడకుండా పని చెప్తారు. కారులో ఒక కటింగ్ ప్లయరు, మందపాటి చేతి తొడుగులు రెండు జతలు వేసుకోండి, ఆ వైరు గీరితే వారం మండుతుంది.